పరగడుపు రక్తం

ఆదోనిలో ఒక డాక్టరుగారి క్లినిక్ వెనక, ఒకప్పుడు వంటగదిగా వాడిన చిన్న గదిలో నా ల్యాబు ఉండేది. కర్నూల్లో ఏడాది ట్రైనింగు చేసి డెబ్భై ఏడులో అందులో చేరాను. మాది దూదేకుల ఇల్లు. ముస్లిములమే అయినా ఉర్దూ మాకు రాదు, ఇంట్లో తెలుగే. నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. సాయంత్రానికి ఆయన కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు తెల్లబడి ఉండేవి. తెల్లచొక్కా వేసుకుని పనికి పోయి, దాని మీద ఒక్క దూదిపోగు కూడా లేకుండా తిరిగొచ్చిన మొదటి మనిషిని మా ఇంట్లో నేనే.

రక్తంలో చక్కెర చూడడం అప్పట్లో అరపూట పని. గాజు సిరంజి మరగబెట్టుకోవాలి. మొద్దుబారిన సూదిని రాతి మీద నూరుకోవాలి. తీసిన రక్తంలో మందులు కలిపి, వడగట్టి, ఆ తేటని మరిగే నీళ్ళలో పెడితే చివరికి గాజుగొట్టంలో నీలిరంగు తేలేది. రంగు ఎంత చిక్కగా ఉంటే చక్కెర అంత ఎక్కువ. ఆ చిక్కదనాన్ని కొలిచే మిషను ఒకటి ఉండేది. కరెంటు సరిగ్గా లేనప్పుడు దాని ముల్లు వణికేది. అది ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి.

"రేపు పరగడుపున రండి" అని ముందురోజే చెప్పి పంపేవాణ్ణి. కానీ పరగడుపు అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం.

"ఏమీ తినలేదు కదా పెద్దాయనా?"

"లేదప్పా. టీ తాగినా, అంతే."

"టీలో చక్కెర వేసుకున్నావా?"

"చక్కెర లేకుంటే టీ ఎట్ల తాగేది?"

సి.బెళగల్ నుంచి వచ్చిన ఒక రైతు, బస్సు దిగగానే రెండు మిరపకాయ బజ్జీలు తిని, బజ్జీ అన్నం కాదు కదా అని నాతో వాదించాడు. ఒకామె ప్రసాదమని అరటిపండు తింది. అడిగితే ముందు ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు. నేను గొట్టం చూపించి, "ఇది తిన్న రక్తం" అంటే అప్పుడు తల దించుకునేవాళ్ళు. మూడు నాలుగేళ్ళలో నాకు ఆ పని మీద గర్వం వచ్చేసింది. డాక్టరుగారు కూడా పేషెంట్ల ముందర, "ఈయన దగ్గర అబద్ధం చెప్పొద్దు, రక్తం పట్టిచ్చేస్తుంది" అని నవ్వేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరించేది.

మా అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. అమ్మ జిన్నింగు మిల్లులో కూలికి పోతే నన్ను చంకనేసుకుని తిరిగింది అక్కే. ఆమెని ఎమ్మిగనూరికి ఇచ్చాం. బావకి అక్కడ మగ్గాల వీధికి దగ్గరలో పరుపుల అంగడి ఉంది. బావ దూది నింపితే అక్క దబ్బనంతో కుట్టేది. ఒక కూతురు పుట్టింది. తర్వాత రెండు కాన్పులు నిలవలేదు. నాలుగోది మగబిడ్డ, నెలలు నిండాక పుట్టాడు. చచ్చి పుట్టాడు. ఎంత పెద్దబిడ్డంటే, ఇంత బిడ్డని తన చేతుల మీద ఎప్పుడూ చూడలేదని మంత్రసాని బయటికొచ్చి చెప్పింది. నేను ఆ బిడ్డని గుడ్డలో చుట్టి మోసుకుపోయినవాళ్ళలో ఒకణ్ణి. బరువు నా చేతులకి తెలిసింది. తల్లి ఒంట్లో చక్కెర పెరిగితే కడుపులో బిడ్డ అంత బరువు పెరుగుతుందని తెలిసేంత చదువు అప్పుడు నాకు లేదు.

ఆ తర్వాత అక్కకి దాహం మొదలైంది. బిందె పక్కనే కూర్చునేది. వీపు మీద సెగ్గడ్డలు లేచేవి. మెడ చుట్టూ, చంకల్లో చర్మం నల్లబడి, ముఖమల్ గుడ్డలాగా మందంగా తయారైంది. వాళ్ళ అత్త కంటికి అది మురికి.

"ఒళ్ళు తోముకునేకి కూడా సేతులు రావు ఈ యమ్మకి" అని వచ్చినవాళ్ళకి చూపించేది. అక్క కొబ్బరిపీచుతో రుద్దుకునేది. నెత్తురు చిమ్మేదాకా రుద్దినా నలుపు పోలేదు.

నేనే ఆమెని ఆదోనికి పిలిపించి రక్తం చూశాను. పొద్దున మొదటి బస్సులో కొంగు నడుముకు బిగించుకుని వచ్చింది. చక్కెర రెండువందల అరవై. డాక్టరుగారు మాత్రలు రాసి, అన్నం, బెల్లం, చక్కెర, పండ్లు మానేయమన్నారు. అక్క సరేనంది. పదిహేను రోజులకి మళ్ళీ వచ్చింది. చక్కెర తగ్గలేదు. మాత్రలు పెంచారు. నెలకి మళ్ళీ చూశాను. కొంచెం తగ్గి, మరుసటి నెలకి మళ్ళీ పెరిగింది.

డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచారు. "మీ అక్క తింటోందయ్యా. ఆడవాళ్ళు వంటింట్లో ఏం నోట్లో వేసుకుంటారో ఎవరికి తెలుస్తుంది. ఇంట్లోవాళ్ళకి చెప్పు."

నేను బావకి చెప్పాను. బావ వాళ్ళమ్మకి చెప్పాడు. ఆమె బెల్లం, చక్కెర పెట్టెలో పెట్టి తాళం చేతిని మొలకి కట్టుకుంది. అక్కకి పూటకి ఒక జొన్నరొట్టె, పప్పు లేని ఆకుకూర. చేసిన రొట్టెలు ఎన్నో ఆమె లెక్క పెట్టేది. నేను ఒకసారి పోయినప్పుడు అక్క నన్ను పెరట్లోకి తీసుకుపోయి, "ఆకలిరా తమ్ముడా" అంది. అంతే అంది. నేను ఆమెకి ఆకలిని ఓర్చుకోవడం గురించి చెప్పి వచ్చాను.

ఎనభై ఒకటిలో రంజాను నెల ఎండా వానా కలిసిన రోజుల్లో వచ్చింది. అమ్మకి జ్వరమని అక్క వారం రోజులు ఆదోనికి వచ్చింది. బావ కూడా పత్తి కొనే పని మీద వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. రంజాను నెలలో ఉండే ఉపవాసాన్ని, రోజాని, మా వైపు ఒక్కపొద్దు అంటాం. డాక్టరుగారు వద్దన్నా అక్క ఒక్కపొద్దు పట్టింది. తెల్లవారకముందే రొట్టె తిని మాత్ర వేసుకుంటే, పొద్దుగుంకేదాకా గుక్కెడు నీళ్ళు కూడా లేవు. అంత దాహం ఉన్న మనిషి ఆ నెల ఎలా గడిపిందో ఇప్పుడు తలుచుకుంటే నా నోరు ఎండుతుంది.

ఆరోజు నేను ల్యాబుకి బయలుదేరుతుంటే అక్క తనంతట తానే అడిగింది.

"ఈ పొద్దు సాయంత్రం నా రక్తం సూడప్పా. పొద్దున్నుంచి నోట్లో ఏమీ పడదు గదా. ఈ పొద్దు ఎట్లైనా తగ్గింటాది. ఒక్కసారి తగ్గిందని కాగితం రాసిస్తే మా అత్తకి సూపిస్తా."

సాయంత్రం ఆమె, బావ కలిసి వచ్చారు. రక్తం తీశాను. అక్క గోడకి ఆనుకుని బల్ల మీద కూర్చుంది. పెదవులు పగిలి ఉన్నాయి. నేను గొట్టాన్ని మరిగే నీళ్ళలోంచి తీసి చల్లార్చి పైకెత్తేసరికే తెలిసిపోయింది. మిషనులో పెట్టాను. రెండువందల ఎనభై. మందు పాడైందేమో అనుకుని నా వేలు పొడుచుకుని నా రక్తం కూడా చూశాను. నాది సరిగ్గానే వచ్చింది.

బావ అడిగాడు. "ఎంతొచ్చింది?"

ఆ క్షణంలో నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. రేపు చెప్తాననవచ్చు. కానీ నాలుగేళ్ళుగా నోటికి అలవాటైన మాట అది.

"ఇది తిన్న రక్తం బావా."

అక్క నన్ను చూసింది. "రేయ్, ఏమంటాండావు?"

"అంకె అట్లుంది అక్కా. పొద్దున్నుంచి తినకుంటే ఇంతెందుకు వస్తాది?"

"అల్లా మీద ఒట్టు. ఎంగిలి కూడా మింగలేదురా."

బావ లేచి బయటికి పోయాడు. తిట్టలేదు, కొట్టలేదు. అక్క కొంగుతో మోచెయ్యి ఒత్తుకుంటూ అక్కడే కూర్చుంది. మసీదు నుంచి ఒక్కపొద్దు విడిచే పిలుపు వినబడింది. నేను చెంబుతో నీళ్ళు ఇచ్చాను. తాగలేదు.

మరునాడే బావ ఆమెని ఎమ్మిగనూరికి తీసుకుపోయాడు. ఆ తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. బావ వాళ్ళమ్మతో చెప్పాడు. ఆమె పక్కింట్లో చెప్పింది. దొంగ ఒక్కపొద్దు అని వీధిలో పేరు పడింది. సాయంత్రం ఒక్కపొద్దు విడిచే వేళకి అక్క ఖర్జూరాల పళ్ళెం తీసుకుపోతే ఆడవాళ్ళు ఆమె చేతి నుంచి తీసుకోలేదు. బావ పండగదాకా ఆమెతో మాట్లాడలేదు. తమ్ముడే పరీక్ష చేసి చెప్పాడంటే ఇంకెవరు నమ్ముతారు? నేను కాకుండా ఎవరో పరాయివాడు చెప్పి ఉంటే బావ తగువుకైనా పోయేవాడేమో.

అక్క నాతో మాట్లాడడం మానలేదు. నేను పోతే నీళ్ళిచ్చేది, అమ్మ ఎట్లుందని అడిగేది. కానీ ఆదోనికి పరీక్షకి రావడం మాత్రం మానేసింది. మాత్రలు కూడా ఒకరోజు వేసుకుని రెండు రోజులు మరిచిపోయేది. "తిన్నా తినకున్నా ఒకటే అంకె కదా" అంది ఒకసారి. నేను దాన్ని మొండితనం అనుకున్నాను.

ఏడాది తర్వాత, పరుపు కుడుతుండగా దబ్బనం జారి కాలి మడమలో దిగింది. నొప్పి తెలియలేదట. రాత్రి కాళ్ళు కడుక్కునేటప్పుడు నీళ్ళు ఎర్రగా పోతుంటే కూతురు చూసింది. పదిరోజుల్లో మడమ నల్లబడింది. వాసన మొదలయ్యాక బావ నాకు కబురు చేశాడు. నేను పోయి గుడ్డ విప్పి చూసి, ఆదోనికి కూడా తీసుకుపోకుండా నేరుగా కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను.

అక్కడ వార్డులో నర్సు కళ్ళెదుట పెట్టిన తిండి తప్ప ఆమెకి వేరే తిండి లేదు. పక్కన నేనే ఉన్నాను. రాత్రంతా నేల మీద పడుకుని, ఆమె మంచం మీద కదిలితే లేచేవాణ్ణి. పొద్దున పరగడుపున రక్తం తీశారు. చీటీ నేనే తెచ్చాను. రెండువందల డెబ్భై.

ఆ చీటీ చేతిలో పట్టుకుని వరండాలో చాలాసేపు నిలబడ్డాను. రాత్రి ఆమె ఏమీ తినలేదని నాకు తెలుసు. నేనే కాపలా.

వార్డు పెద్ద డాక్టరు రౌండ్సుకి వచ్చి, కాలు చూసి, తర్వాత అక్క జుట్టు పక్కకి తీసి మెడ చూశాడు. కోస్తా వైపు మనిషి, మెల్లగా మాట్లాడేవాడు. "ఈ నలుపు ఎన్నాళ్ళ నుంచమ్మా?" అన్నాడు. మెడ గురించి తిట్టకుండా అడిగిన మొదటి మనిషి ఆయనే అనుకుంటా. అక్క మెడ మీదికి కొంగు కప్పుకుంది.

నేను ల్యాబువాణ్ణని తెలిసి ఆయన నన్ను తన గదికి పిలిచాడు.

"మీరు పరగడుపు షుగరు చూస్తారు. పరగడుపు ఇన్సులిన్ ఎప్పుడైనా చూశారా?"

"మా దగ్గర యాడ సార్?"

"ఇక్కడా లేదు. మద్రాసు పంపాలి. ఇన్సులిన్ సూది మొదలుపెట్టకముందే రక్తం తీసి పంపుదాం. నా అనుమానం ఏమిటంటే, మీ అక్కకి ఇన్సులిన్ తక్కువేమీ లేదు. మామూలు మనిషి కంటే ఎక్కువే ఉండొచ్చు. కానీ దాని మాట ఒళ్ళు వినడం లేదు."

నాకు అర్థం కాలేదు. ఆయన ఓపికగా చెప్పాడు. మనం తినకపోయినా కాలేయం తన దగ్గరున్న చక్కెరని రక్తంలోకి వదులుతూ ఉంటుంది. చాలు, ఆపు అని చెప్పేది ఇన్సులిన్. ఆ మాట వినబడకపోతే కాలేయం వదులుతూనే ఉంటుంది. షుగరు ఒక్కటే చూస్తే ఇదంతా కనబడదు. పరగడుపు షుగరు, పరగడుపు ఇన్సులిన్ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. రెండూ ఎక్కువుంటే ఒళ్ళు ఎదురు తిరిగిందని అర్థం. మెడ మీది నలుపు మురికి కాదు, ఆ ఎక్కువైన ఇన్సులిన్ వల్ల వచ్చిందే.

"అంటే సార్, ఏమీ తినకున్నా..."

"తినకపోయినా పెరుగుతుంది. రోజంతా ఉపవాసం ఉన్నా పెరిగే ఉంటుంది."

రోజంతా అన్నాడు. నేను ఆయనకి ఒక్కపొద్దు సంగతి చెప్పలేదు.

రక్తం తీసి, తేట వేరుచేసి, ఐసు నింపిన ఫ్లాస్కులో పెట్టి మద్రాసు పోతున్న ఒక జూనియరు డాక్టరుతో పంపారు. ఆ తర్వాత ఇన్సులిన్ మొదలుపెట్టారు. సూది మీద సూది. పక్క మంచం ఆమెకి పదిహేను యూనిట్లతో తగ్గితే అక్కకి వంద దాటినా తగ్గడం కష్టమైంది. అప్పటికే పుండు ఎముకకి దిగింది. మోకాలి కింద కాలు తీసేశారు.

మద్రాసు కాగితం వచ్చేసరికి నెల పైన పట్టింది. ఆయన చెప్పినట్టే ఉంది. ఇన్సులిన్ ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఉంది. కాగితం పట్టుకుని అక్క మంచం దగ్గరికి పోయాను. కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది.

"అక్కా, ఆ పొద్దు నువ్వు తినలేదు."

అక్క ఇటు తిరగలేదు. అటు చూస్తూనే అంది. "నేను తినలేదని నాకు తెలీదా? నాకెందుకు సెప్తావు? ఎవరికి సెప్పినావో వాళ్ళకి సెప్పు పో."

ఆ మధ్యాహ్నమే ఎమ్మిగనూరు బస్సెక్కాను. బావ అంగట్లో ఉన్నాడు. వాళ్ళమ్మ గడప మీద కూర్చుని గింజలు తీసేసిన పత్తిని విడదీస్తోంది. నేను కాగితం విప్పి, డాక్టరు చెప్పిందంతా నాకు చేతనైన మాటల్లో చెప్పాను. కాలేయం గురించి చెప్పాను, మెడ మీది నలుపు మురికి కాదని చెప్పాను. బావ పని ఆపి విన్నాడు. ముసలామె పత్తి ఆపలేదు.

"అప్పుడూ నువ్వే వచ్చినావు, ఇప్పుడూ నువ్వే వచ్చినావు. అప్పుడు తినిందంటివి. ఇప్పుడు తినలేదంటాండావు. మేము దేన్ని నమ్మల్లప్పా?"

"అప్పుడు నాకు తెలీదత్తా."

"తెలీనప్పుడు నోరు మూసుకోనింటే అయిపోతుండె."

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. బావ మాత్రం లేచి చొక్కా వేసుకున్నాడు. "పద, ఆసుపత్రికి పోదాం" అన్నాడు. వార్డులోకి పోయి అక్క మంచం పక్కన కూర్చుని, దుప్పటి కింద కాలు లేని చోట చెయ్యి పెట్టాడు. అక్క ఆ చెయ్యి తీసేయలేదు. నేను బయటికొచ్చేశాను.

వీధిలో పడిన పేరు మాత్రం పోలేదు. బావ ఇంటింటికీ తిరిగి చెప్పలేడు కదా. ఒకామె వచ్చి అక్క చేతులు పట్టుకుని ఏడ్చి పోయింది. తక్కినవాళ్ళు ఆ సంగతే మరిచిపోయారు. మరిచిపోవడం వాళ్ళకి సులువు. అక్క రెండేళ్ళు బతికింది. ఆ రెండు రంజాన్లకీ ఒంట్లో సత్తువ లేక ఒక్కపొద్దు పట్టలేకపోయింది. పట్టలేని రోజులకి బదులుగా ఒక ముసలమ్మకి పూటపూటకీ అన్నం పెట్టించింది. ఎనభై నాలుగులో మూత్రపిండాలు చెడి, ముఖం వాచి, ఊపిరందక చనిపోయింది. పూడ్చేముందు ఒళ్ళు కడుగుతుంటే మెడ మీది నలుపు చూసి ఎవరో ఏదో అనబోతే, అక్క కూతురు వాళ్ళని గదిలోంచి బయటికి పంపేసిందట.

నేను ల్యాబులో పని మానలేదు. వేరే పని నాకు రాదు. కానీ ఇది తిన్న రక్తం అనే మాట మళ్ళీ ఎవరితోనూ అనలేదు. అంకె రాసిచ్చేవాణ్ణి, అంతే. ఆదోని డాక్టరుగారికి మద్రాసు కాగితం చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మనకి తెలియదయ్యా" అన్నారు. ఆ తర్వాత ఆయన నోటి వెంట కూడా పేషెంట్ల ముందర ఆ పాత హాస్యం రాలేదు.

అక్క కూతురికి పదహారు నిండాయి. ఎనభై ఆరులో ఒక పెళ్ళిలో చూశాను. మెడ వెనక సన్నగా నలుపు గీత మొదలైంది. పౌడరు పూసుకుంది గానీ కనబడుతూనే ఉంది. పక్కకి పిలిచి, ఒకసారి పరగడుపున వచ్చి రక్తం ఇమ్మన్నాను.

"మా అమ్మ రక్తం సూసినావు గదా మామా, సాలదా?" అంది.

బలవంతపెట్టడానికి నాకు హక్కు లేదు. నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున ల్యాబు తలుపు తీసేసరికి ఆ పిల్ల మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంది. మొదటి బస్సుకి వచ్చినట్టుంది.

"ఏమీ తినలేదు" అంది, నేను అడగకముందే. "నమ్మితేనే తీయి."

"నమ్ముతాను."

"ఏమొచ్చినా నాకే సెప్పల్ల. మా నాయనకి గానీ, ఆయనమ్మ మా జేజికి గానీ, నీ డాక్టరుకి గానీ సెప్పగూడదు. ఏం సేయల్లో నేను సూసుకుంటా."

"సరేమ్మా."

చెయ్యి చాపింది. పట్టీ కట్టాను. నరం దొరకడానికి కొంచెం సేపు పట్టింది. సూది కదలకుండా ఆ పిల్ల రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది. రక్తం తీశాను. అంకె వచ్చాక కాగితం మీద రాసి మడిచి ఆమె చేతికిచ్చాను. అక్కడే విప్పి చదువుకుంది. కర్నూల్లో ఆ పెద్ద డాక్టరు ఇంకా ఉన్నాడా అని అడిగింది. ఉన్నాడన్నాను. ఏ రోజుల్లో చూస్తాడో చెప్పాను.

ఆ కాగితంలో ఏముందో ఇక్కడ రాయను. అది ఆమెకి చెందిన సంగతి.